ఒక్క కబురుకు నలుగురు సాక్షులు

రాత్రి తొమ్మిది గంటల వేళ ఔరంగజేబు వార్తలు వినేవాడు. చదివి వినిపించేది అంతఃపుర స్త్రీలు. సామ్రాజ్యం నలుమూలల నుంచి వారం వారం చేరిన కాగితాలను వాళ్లు ఒక్కొక్కటే చదువుతుంటే, ఆయన అర్ధరాత్రి దాకా ఆ వ్యవహారాల్లోనే మునిగి ఉండేవాడు. ఈ సంగతి రాసిపెట్టినవాడు నికొలావ్ మనూచీ. వెనిస్‌లో పుట్టి, కుర్రతనంలోనే మొగలు దేశానికి వచ్చి, ఔరంగజేబు అన్న దారా షికో ఫిరంగి దళంలో కొలువు చేసి, ఆ తర్వాత వైద్యుడి అవతారమెత్తి, చివరికి మద్రాసులో స్థిరపడ్డ మనిషి అతడు.

చక్రవర్తికి ఒక చిక్కు ఉండేది. కాబూలు నుంచి దక్కను దాకా పరుచుకున్న రాజ్యంలో ఎక్కడేం జరుగుతోందో ఆయన కళ్లారా చూడలేడు. చూసి రాసేవాడు జీతగాడు. ఆ జీతగాడు బతికేది రాష్ట్రాన్ని ఏలే సుబేదారు నీడలో. సుబేదారు తలచుకుంటే ఇనాములిస్తాడు, తలచుకుంటే తన్నిస్తాడు. అలాంటి చోటు నుంచి వచ్చిన కాగితాన్ని ఎంతవరకు నమ్మాలి? దీనికి జవాబుగా మొగలు పాలకులు పరమ నిజాయితీపరుడి కోసం దేశమంతా గాలించలేదు. ఏ ఒక్కణ్నీ పూర్తిగా నమ్మాల్సిన అవసరం రాని ఏర్పాటు చేసుకున్నారు.

ఆ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ముగ్గురు చారులు ఒకే మాట చెబితే దాన్ని నమ్మవచ్చని, వాళ్ల మాటలు పదే పదే పొసగకపోతే చాటుగా శిక్షించాలని, లేదా కొలువు మాన్పించాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం ఏనాడో చెప్పింది. మొగలుల ప్రత్యేకత ఏమిటంటే, దీన్ని జీతాలు, గడువులు, టపా చౌకీలు ఉన్న ప్రభుత్వ శాఖగా మార్చారు.

మొదలు అక్బరు దర్బారులోనే. చక్రవర్తి రోజంతా ఏం చేశాడు, ఎవరికి ఏ ఉత్తర్వు ఇచ్చాడు, ఎవరు ఏ నజరానా తెచ్చారు అన్నది రాయడానికి 14 మంది లేఖరులుండేవారని అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో చెప్పాడు. రోజుకు ఇద్దరి వంతు. ఎవరైనా రాలేకపోతే ఆ రోజుకు నిలబడేందుకు అదనంగా మరికొందరు సిద్ధంగా ఉండేవారు. వాళ్లు రాసింది ఒక అధికారి సరిచూస్తాడు. ఆ తర్వాత చక్రవర్తికి చూపించి ఒప్పుదల తీసుకుంటారు. అప్పుడు నకలు రాసి, సంతకాలు, ముద్రలు పడ్డాక గానీ అది చెల్లుబాటయ్యే పత్రం కాదు. తన గదిలో తన ఎదుటే పలికిన మాటకు సైతం ఇన్ని చేతుల సాక్ష్యం కావాలని అక్బరు అనుకున్నాడు. 1580లో రాజ్యాన్ని సుబాలనే రాష్ట్రాలుగా విడగొట్టినప్పుడు ప్రతి సుబాకూ దివాను, బక్షీ, కొత్వాలులతో పాటు ఒక వాకయానవీసును కూడా వేశాడు. జరిగింది జరిగినట్టు రాసి పంపడం అతని ఉద్యోగం.

సుబాలో వాకయానవీసు అందరికీ తెలిసిన మనిషి. చాలాచోట్ల బక్షీయే ఆ పనీ చూసేవాడు. సుబేదారు కొలువులో దర్జాగా కూర్చుని రాసుకునేవాడు, రాసింది పంపేముందు సుబేదారుకు వినిపించేవాడు. ఇందులో ఒక మేలుంది, ఒక కీడుంది. ఎదుటే రాస్తున్నాడు కాబట్టి లేనిపోనివి కల్పించడం కష్టం. ఎదుటే రాస్తున్నాడు కాబట్టి సుబేదారుకు గిట్టనిది రాయడం అంతకన్నా కష్టం.

అందుకని అతని మీద సవానిహ్‌నిగార్ అనే రెండో లేఖరి వచ్చాడు. మొదటివాడు ఏం దాచాడో పట్టుకోవడం ఇతని పని. వాకయానవీసు నివేదిక వారానికి ఒకసారి వెళ్తే ఇతనిది రెండుసార్లు వెళ్లేది. మూడోవాడు ఖుఫియానవీసు. పేరులోనే రహస్యం ఉన్న ఇతనికి స్థానిక అధికారులతో రాకపోకలే ఉండకూడదు. ఊళ్లో ఫలానా మనిషే ఖుఫియానవీసు అని మిగతావాళ్లకు తెలియకూడదు. నాలుగోవాడు హర్కారా. కాళ్లే అతని ఆస్తి. చూసినదీ విన్నదీ మోసుకొచ్చి నోటితో చెప్పేవాడు, ఒక్కోసారి ఉత్తరాలూ తెచ్చేవాడు. సంతలో పుట్టిన మాట, సైన్యం విడిదిలో వినబడ్డ మాట ఇతని ద్వారానే పైకి చేరేవి.

ఈ కాగితాలు వెదురు గొట్టాల్లో చుట్టి, చౌకీ నుంచి చౌకీకి పరుగు మీద వెళ్లేవి. డాక్ చౌకీ దారోగా వాటిని విప్పకుండానే వజీరుకు అందించాలి. విప్పితే దారిలోనే మాట మారవచ్చన్న భయం. అలా ఒక్క సుబా గురించే నాలుగు కథనాలు పక్కపక్కన చేరతాయి. నాలుగూ కలిస్తే సరే. కలవకపోతే, ఎక్కడ కలవలేదో అక్కడే తవ్వాల్సింది ఉందని చదివేవాడికి తెలిసిపోతుంది.

కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. ఆచరణలో ఏమైందో ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియర్ చెప్పాడు. ఔరంగజేబు ఏలుబడి తొలి ఏళ్లలో ఈ దేశంలో ఉన్నవాడతను. రాజు ప్రతి సుబాకూ వాకయానవీసులను పంపుతాడు, కానీ వాళ్లకూ సుబేదార్లకూ మధ్య సిగ్గుమాలిన కుమ్మక్కు నడుస్తుంది, వాళ్లున్నారన్న జంకుతో ప్రజల మీద దౌర్జన్యం తగ్గడం అరుదు అన్నది అతని మాటల సారాంశం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు. రెండో లేఖరి, మూడో లేఖరి ఎందుకు పుట్టారో బెర్నియర్ ఫిర్యాదు చదివితే ఇట్టే అర్థమవుతుంది.

అయితే అబద్ధపు వార్త కన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. అసలు వార్తే రాకపోవడం. 1657 సెప్టెంబరులో అదే జరిగింది.

ఆ నెల 6న ఢిల్లీలో అప్పటి చక్రవర్తి, ఔరంగజేబు తండ్రి షాజహాను జబ్బుపడ్డాడు. మూత్రం బిగిసి మంచం పట్టాడు. ప్రతి ఉదయం ఝరోకా కిటికీలో కనిపించే చక్రవర్తి కనిపించకుండా పోయాడు. రోజూ ఉదయం ప్రజలకు ముఖం చూపించడం మొగలులకు ఒట్టి మర్యాద కాదు, పాదుషా బతికే ఉన్నాడన్న ప్రకటన అది. పక్కనే ఉన్న పెద్ద కొడుకు దారా షికో, తమ్ముళ్లకు సంగతి తెలిస్తే సైన్యాలతో వస్తారని భయపడి దారులు మూయించాడు. బెంగాలుకు, గుజరాతుకు, దక్కనుకు వెళ్లే ఉత్తరాలను ఆపించాడు. తమ్ముళ్ల తరఫున దర్బారులో ఉండే వకీళ్ల మీద కాపలా పెట్టాడు. ఔరంగజేబు వకీలు ఈసా బేగ్‌ను ఖైదు చేయించాడు.

ఫలితం దారా కోరినదానికి తలకిందులుగా వచ్చింది. వారం వారం రావలసిన ఉత్తరం రాలేదంటే దాని అర్థం ఒక్కటే అని మూడు సుబాల్లోనూ అనుకున్నారు. పాదుషా పోయాడు, దారా దాచిపెడుతున్నాడు. నిజానికి షాజహాను 14వ తేదీ నాటికే కాస్త కోలుకుని ఝరోకాలో కనిపించాడు. అప్పటికి పుకారు చేతులు దాటింది. అక్కడ కనిపించింది పాదుషా కాదు, ఆయన బట్టలు తొడుక్కున్న వేరే మనిషి అన్నారు. పాదుషా చేతిరాతతో, ముద్రతో తమ్ముళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. తండ్రి చేతిరాతను దారా అచ్చు గుద్దినట్టు రాస్తాడని వాళ్లు వాటినీ కొట్టిపారేశారు. ఒకసారి నమ్మకం చెడ్డాక రుజువే అనుమానానికి ఎరువైంది.

ముగ్గురు తమ్ముళ్లూ ఒకే తీరున నడుచుకోలేదు. బెంగాలులో షుజా తొందరపడి కిరీటం పెట్టుకున్నాడు. గుజరాతులో మురాదు డిసెంబరులో అదే పని చేశాడు. అప్పటికి బీదరు, కల్యాణి కోటలు పట్టి దక్కనులో ఉన్న ఔరంగజేబు మాత్రం కిరీటం జోలికి పోలేదు. మురాదుతో రహస్య లిపిలో ఉత్తరాలు నడిపాడు. ఇద్దరి మధ్యా ప్రత్యేకంగా టపా మనుషుల వరుస ఏర్పాటైంది. సర్కారు దారి మూతపడితే సొంత దారి వేసుకున్నాడన్నమాట.

ఈ ఘట్టంలో గోల్కొండకు చెందిన ఒక పాత్ర కూడా ఉంది. మచిలీపట్నంలో పాలనాధికారిగా పైకొచ్చి గోల్కొండ సుల్తాను దగ్గర సర్వం తానే అయిన మీర్ జుమ్లా, 1656 నాటికి మొగలుల పక్షం చేరిపోయాడు. 1657 చివర్లో అతను దక్కనులో మొగలు సైన్యంతో ఉన్నాడు. అతని ఫిరంగులు ఔరంగజేబుకు కావాలి. కానీ అతని కుటుంబం దర్బారు గుప్పిట్లో ఉంది, పైగా తిరిగి రమ్మని పిలుపు వచ్చింది. 1658 జనవరిలో ఔరంగజేబు అతన్ని ఖైదు చేసి ఫిరంగులు స్వాధీనం చేసుకున్నాడు. ఇది ఇద్దరూ కలిసి ఆడిన నాటకమేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది నమ్మకం. ఆ నాటకం అక్కడ, ఔరంగాబాదులో ఉన్నవాళ్ల కోసం కాదు. మీర్ జుమ్లా ఇష్టపడి వెళ్లలేదని లేఖరులు రాయాలి, ఆ రాత దర్బారుకు చేరాలి, అక్కడి కుటుంబం మీద వేటు పడకూడదు. వార్త రాసేవాడికి లంచమివ్వకుండా, బెదిరించకుండా, అతను నిజాయితీగా రాసినా తప్పే చేరేలా ఏర్పాటు చేయవచ్చని ఔరంగజేబుకు తెలుసు. నలుగురు సాక్షుల పద్ధతికి ఇలాంటి వాటి దగ్గర విరుగుడు లేదు. నలుగురూ ఒకే వేషాన్ని చూసి ఒకే మాట రాస్తారు.

ఫిబ్రవరిలో ఔరంగజేబు ఉత్తరాదికి కదిలాడు. మే 29న సాముగఢ్ దగ్గర దారా ఓడిపోయాడు. జూన్‌కల్లా షాజహాను ఆగ్రా కోటలో బందీ.

వార్తలు కావలసింది చక్రవర్తికి ఒక్కడికే కాదు. రాజపుత్ర రాజులు, దూర సుబాల అధికారులు ఢిల్లీలోనో పాదుషా విడిదిలోనో తమ వకీలును ఉంచుకునేవారు. దర్బారులో రోజూ జరిగినదాన్ని అతను నకళ్లు రాయించి యజమానికి పంపేవాడు. అఖ్బారాతె దర్బారె ముఅల్లా అని పిలిచే ఈ కాగితాలు వేల సంఖ్యలో మిగిలాయి. జైపూరు రాజుల దగ్గరివి ఇప్పుడు బికనీరులోని రాజస్థాన్ ప్రభుత్వ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. కొన్నింటిని కంపెనీ అధికారి జేమ్స్ టాడ్ లండను తీసుకుపోయి రాయల్ ఏషియాటిక్ సొసైటీకి ఇచ్చాడు. చిన్న చిన్న కాగితం ముక్కలు, గబగబా గిలికిన షికస్తా లిపి, పైన తేదీ. పాదుషా నమాజుకు వెళ్లాడు. ఫలానావాడి మన్సబు పెరిగింది. ఫలానా ఖానుకు ఖిల్లతు దక్కింది. ఫలానా కోట దగ్గర ఏం జరిగిందో హర్కారా వచ్చి చెప్పాడు. ఎక్కడా విశేషణాలుండవు, అభిప్రాయాలుండవు. రాసినవాడు తెలివైనవాడు, తన కాగితం ఎవరి చేతిలోనైనా పడవచ్చని ఎరిగినవాడు.

1687లో గోల్కొండ పడిపోయాక హైదరాబాదు కూడా మొగలు సుబా అయింది. ఆ తర్వాత నిజాములు స్వతంత్రులైనా ఈ అలవాటు మానలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో పూనా పీష్వా కొలువులో ఏం జరుగుతోందో హైదరాబాదుకు అఖ్బారులు వచ్చేవి. నిజాం అలీ ఖాన్ దర్బారు కబుర్లు బయటికి వెళ్లేవి. ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలుసని ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ రెండోవారి లేఖరిని తరిమెయ్యలేదు. తరిమితే తమవాడికీ అక్కడ అదే గతి పడుతుంది.

ఈ అల్లికను తెంపింది ఈస్టిండియా కంపెనీ. సైన్య సహకార సంధులు చేసుకున్న రాజులు కంపెనీకి తెలియకుండా వేరే రాజ్యాలతో వ్యవహారాలు నడపకూడదు. 1800 సంధితో నిజాముకూ ఆ కట్టుబాటు వచ్చింది. క్రమంగా లేఖరులు, మున్షీలు రాజుల కొలువుల్లో కంపెనీ తరఫున ఉండే రెసిడెంట్ల జీతాల పట్టీలోకి చేరారు. నాలుగు దారుల్లో వచ్చే వార్త ఒక్క రెసిడెన్సీ గుమ్మం గుండా వెళ్లడం మొదలుపెట్టింది. మరి ఆ గుమ్మంలో కూర్చున్నవాడి గురించి ఎవరు రాయాలి?

హైదరాబాదులోనే ఈ ప్రశ్న కంపెనీ మెడకు చుట్టుకుంది. 1798 నుంచి 1805 దాకా ఇక్కడ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. దర్బారు గుట్టుమట్లన్నీ కలకత్తాకు రాయడమే అతని ఉద్యోగం. నిజాం కొలువు ప్రముఖుడు మీర్ ఆలం బంధువుల అమ్మాయి ఖైరున్నీసాతో తన ప్రేమను, పెళ్లిని మాత్రం ఆ ఉత్తరాల్లోకి రానివ్వలేదు. పుకార్లు వేరే దారుల్లో కలకత్తాకు పాకాయి. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దగ్గర ఒకవైపు తన సొంత రెసిడెంటు రాతలు, రెండోవైపు గిట్టనివాళ్ల చెవికొరుకుళ్లు. చివరికి 1801లో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ద్వారా, హైదరాబాదు ఎరిగిన బౌజర్, ఆర్ అనే ఇద్దరు సైనికాధికారులను గుట్టుగా పిలిపించి, ప్రమాణం చేయించి ప్రశ్నలు వేయించాల్సి వచ్చింది. కిర్క్‌పాట్రిక్ ఉద్యోగం నిలిచింది. అయితే మొగలుల నాటి ఖుఫియానవీసును కంపెనీ మరో పేరుతో వెతుక్కోక తప్పలేదు. ఆ రెసిడెంటు కట్టించిన భవనం కోఠీలో ఇప్పటికీ ఉంది.

పాత పద్ధతి బతికున్నచోట కూడా కుళ్లిపోయింది. దానికి పెద్ద సాక్ష్యం అవధ్. లక్నోలో రెసిడెంటుగా ఉన్న విలియం స్లీమన్ 1849 డిసెంబరు నుంచి మూడు నెలలు ఆ రాజ్యమంతా తిరిగి దినచర్య రాశాడు. నవాబు కొలువులో 660 మంది అఖ్బారునవీసులున్నారు. అందరికీ కలిపి నెలకు 3,194 రూపాయల జీతం. అంటే తలకు అయిదు రూపాయలు కూడా లేదు. ఏడాదికి లెక్కగడితే 38 వేల పైచిలుకు. ఇంతవరకు వింత లేదు. వింతంతా పక్క లెక్కలో ఉంది. ఈ లేఖరులు తమ శాఖ పెద్దకు, అతని ద్వారా దర్బారులోని పలుకుబడిగలవాళ్లకు ముట్టజెప్పే సొమ్ము ఏటా లక్షన్నర రూపాయలకు పైనే అంటాడు స్లీమన్. జీతానికి నాలుగింతలు మామూళ్లు కట్టి ఉద్యోగం నిలబెట్టుకునేవాడికి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? రాయకుండా ఉన్నందుకు వస్తుంది. ఊరు తగలబెట్టిన జమీందారు ఇస్తాడు, పన్నులు రెండింతలు పిండిన అమిలు ఇస్తాడు. అక్కడ అమ్ముడుపోయే సరుకు వార్త కాదు, మౌనం.

స్లీమన్‌ను కూడా కళ్లు మూసుకుని నమ్మాల్సిన పని లేదు. అవధ్ పాలన చెడిపోయిందని చూపించడం కంపెనీకి అవసరమైన కాలమది. రాజ్యాన్ని పూర్తిగా మింగెయ్యడం స్లీమన్‌కు ఇష్టం లేదు, కానీ అతను పోగుచేసిన ఫిర్యాదులు 1856 ఫిబ్రవరిలో అవధ్‌ను కలిపేసుకున్నవాళ్లకు బాగానే పనికొచ్చాయి.

ఈలోగా అచ్చు పత్రికలు వచ్చాయి. వచ్చినంత మాత్రాన జనం వాటివైపు తిరగలేదు. 1836లో గవర్నర్ జనరల్ సలహామండలి సభ్యుడు మెకాలే రాసిన ఒక నోటులో ఢిల్లీ ముచ్చట ఉంది. కోట దగ్గరా, రెసిడెన్సీ దగ్గరా ఎప్పుడూ ఇరవై ముప్పైమంది లేఖరులు కాచుకుని ఉంటారు. ఒక్కొక్కరికి కొందరు ధనవంతులైన ఖాతాదారులు. రోజూ వాళ్లకు కబుర్లు రాసి అందించాలి. ఢిల్లీ నుంచి రోజుకు బయల్దేరే రాతపత్రికలు సుమారు 120 అని తెలిసినవాళ్ల అంచనా. అప్పుడు బెంగాలు, ఆగ్రా ప్రెసిడెన్సీల్లో టపా మీద వెళ్లే దేశభాషల అచ్చు పత్రికలన్నీ కలిపినా మూడు వందల ప్రతులు దాటవు. మెకాలే ఈ లేఖరులను కచేరీల చుట్టూ వాసన పడుతూ తిరిగే జాతిగా చూశాడు. ఖాతాదారుల లెక్క వేరు. రాతపత్రిక రాసేవాడు ఎవరో తెలుసు, వాడి ఇల్లు తెలుసు. కబురు తప్పయితే మర్నాడు నిలదీయవచ్చు, వచ్చే నెల డబ్బు ఆపవచ్చు.

అయినా అచ్చే గెలిచింది. లేఖరులు పోయి, వాళ్ల కాగితాలు చరిత్రకారుల చేతికి వచ్చాయి. ఔరంగజేబు చరిత్రను అయిదు సంపుటాల్లో రాసిన జదునాథ్ సర్కారు ఈ అఖ్బారాతులను వెతికించి నకళ్లు రాయించుకున్నాడు. ఏళ్లు గడిచాక కూర్చుని అల్లిన తవారీఖుల కన్నా, జరిగిన రోజే తేదీతో రాసిన ముక్క మీద ఆయనకు గురి ఎక్కువ. ఔరంగాబాదు కోట నుంచి హైదరాబాదుకు తరలించిన లక్షకు పైగా మొగలు పత్రాలు ఇప్పుడు తార్నాకలోని తెలంగాణ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. అక్కడి కాగితాల నుంచే 1950లలో చరిత్రకారుడు యూసుఫ్ హుసేన్ దక్కను వాకయాలను, నిజాం అలీ ఖాన్ కాలపు వార్తాలేఖలను అచ్చువేయించాడు. పూనా అఖ్బారులు కూడా ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి పుస్తకాలుగా వచ్చాయి. పూనావాడు పూనా గురించి ఏమన్నాడు, హైదరాబాదువాడు దాన్ని ఎలా విన్నాడు అన్నది ఇప్పుడు ఎవరైనా బల్లమీద పక్కపక్కన పెట్టుకుని చూడవచ్చు. వజీరు కచేరీలో ఒకప్పుడు జరిగిన పనే అది, తీరిగ్గా.

అలా చూసినా దొరకనివి ఉన్నాయి. అవధ్‌లో డబ్బిచ్చి ఆపించిన కబుర్లు అఖ్బారులో ఎక్కలేదు కాబట్టి ఏ నకల్లోనూ లేవు. ఏ ఊళ్లో ఏం జరిగిందో, ఎవరి పేరు రాయకుండా వదిలేశారో చెప్పే కాగితం పుట్టనే లేదు. వాటికి ఏటా ఎంత ధర పలికిందో మాత్రం స్లీమన్ దినచర్యలో ఒక్క పంక్తిలో ఉంది.